చోడివానిపాలెం ఆడపడుచులు

"మాది ఊరు కట్టిన ఇల్లు" అని మా నాన్న రోజుకోసారైనా అనేవాడు. తణుకులో రెండు గదుల అద్దె ఇంట్లో, పంచదార మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ కూడా అదే మాట. విశాఖపట్నం అవతల, సముద్రానికి దగ్గర్లో చోడివానిపాలెం అని ఒక ఊరుందనీ, మా ఇంటిపేరు చోడి కాబట్టి ఆ ఊరు మాదేననీ, మా ముత్తాత తండ్రి చిరుతపులిని దుడ్డుకర్రతో కొట్టి చంపి అక్కడ మొదటి గుంజ పాతాడనీ చెప్పేవాడు. అంత గొప్ప ఊరు వదిలి ఇక్కడెందుకున్నాం అని అమ్మ అడిగితే మాత్రం ఆ పూట అన్నం తినేవాడు కాదు.

మా తాత కుర్రతనంలోనే పని వెతుక్కుంటూ తణుకు వచ్చేశాడు. ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆ పక్క పల్లెలు ఖాళీ చేయించారు. చోడివానిపాలెం కూడా పోయింది. ఊరు పోయింది గానీ మా ఇంట్లో గొప్ప పోలేదు. అందులో పెద్ద వాటా నాదే. ఊరి అమ్మవారు మరిడమ్మ పండక్కి మొదటి బిందె చోడి వారి ఆడపడుచే ఎత్తాలట. మా తాతకి అక్కచెల్లెళ్ళు లేరు, నాన్నకీ లేరు. అంటే ఆ బిందె ఎత్తాల్సినదాన్ని నేనే. చిన్నప్పుడు నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని వీధంతా ఊరేగేదాన్ని. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాక కూడా ఆ సరదా తీరలేదు.

ఈ ఏడాది ఉగాది వెళ్ళాక మా తమ్ముడు శీనుతో చెప్పాను. ఊరు లేకపోతే పోయింది, ఊరి మనుషులెక్కడో ఉంటారు కదా, వెళ్ళి వెతుకుదాం పద అని. వాడు ఫోను తీసి మ్యాపులో వెతికాడు. చోడివానిపాలెం అని కొడితే చోడవరం చూపించింది. "లేని ఊరికి టిక్కెట్ ఎలా కొంటారక్కా" అన్నాడు. విశాఖపట్నం దాకా కొను, తర్వాత సంగతి నాది అన్నాను.

వన్ టౌన్: పులుపు, కారం, ఖాళీ చేతులు

శనివారం మధ్యాహ్నం దిగి వన్ టౌన్‌లో ఒక లాడ్జిలో సామాను పడేశాం. పాత ఊరు కదా, పాత సంగతులు తెలిసినవాళ్ళు ఇక్కడే ఉంటారని నా లెక్క. చింతపండు బస్తాల మధ్య, ఎండుమిర్చి ఘాటులో తుమ్ముకుంటూ టోకు కొట్లన్నీ ఎక్కి దిగాం. ప్రతి కొట్లోనూ నేను "అండీ, చోడివానిపాలెం అనే ఊరు విన్నారాండీ" అని మొదలుపెట్టడం, అవతలాయన నా ముఖం చూసి "ఎంత గావాలమ్మా" అనడం. నాలుగో కొట్లో ఊరికే అడగడం బాగోదని శీను అరకిలో చింతపండు కొన్నాడు. తణుకులో మేం కొనే ధరకి కొంచెం తక్కువే. ఆ తక్కువ చూసి వాడు ఐదో కొట్లో ఇంకో కిలో కొన్నాడు. అప్పట్నుంచి నేనే ముందు నడిచాను.

ఇక్కడివాళ్ళ మాటకి అలవాటు పడటానికి ఆ సాయంత్రం పట్టింది. మా పక్క ప్రతి మాటకీ ఒక 'అండీ' తగిలిస్తాం. ఇక్కడ అది లేదు, అయినా మర్యాదకి లోటు లేదు. ఎవరిని దారి అడిగినా పని ఆపి, రోడ్డు దాకా వచ్చి చూపించారు. మాట మాత్రం రైలు. మొదటి సగం అర్థం చేసుకునేలోపు రెండో సగం వెళ్ళిపోతుంది.

చివరికి ఒక బెల్లం కొట్టు ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, "అలాంటి పాలేలు ఆ పక్క శానా ఉండేవమ్మా. ఎవులెక్కడికి ఎల్లిపోయారో మాకేటి తెలుసు" అన్నాడు. నా ముఖం వాడిపోయినట్టుంది. మళ్ళీ పిలిచి, ఆ ఊళ్ళో ఏం పండేదో తెలుసా అని అడిగాడు. నాన్న మాట గుర్తొచ్చింది. అక్కడి ఆడవాళ్ళు తాటిబెల్లం వండి, బెస్తవాళ్ళకిచ్చి, బదులు ఎండుచేపలు తెచ్చుకునేవారట. "మరింకేటి, పొద్దున్నే హార్బర్‌కెల్లి ఎండుసేపలోళ్ళని అడగండి" అన్నాడాయన. ఇంత తేలిక సంగతి నాకు తట్టనందుకు శీను మీద కోప్పడ్డాను.

ఫిషింగ్ హార్బర్: ఒక కోనాం, ఒక కబురు

తెల్లవారక ముందే వెళ్ళాం. బోట్లు అప్పటికే వచ్చేశాయి. ఐసు ముక్కలు గంపల్లోకి దబదబా పడుతున్నాయి, వేలం పాట పాడేవాళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గోదావరి చేపలు చూసి పెరిగినదాన్ని, ఇన్ని రకాలు ఒకచోట చూసేసరికి నాకు మతి పోయింది. పులస తప్ప మరోటి చేపే కాదనుకునే నేను ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

నేను ఎండుచేపల వరసలో ఆరా తీస్తుంటే వెనక శీను ఒకావిడ చేతికి చిక్కాడు. ధర ఊరికే అడిగాడట. "అడిగినోడివి ఎల్లిపోతావేటి నాన్నా, పొద్దున్నే బోణీ బేరం" అని ఆవిడ వాడి చేతిలో మూడు కిలోల కోనాం పెట్టేసింది. లాడ్జిలో ఉన్నవాడికి అంత చేప ఎందుకు చెప్పండి. దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నా వెనకే తిరిగాడు.

వరస చివర గోనెపట్టా మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చోడివానిపాలెం అనగానే తూకం వేస్తున్న చెయ్యి ఆపింది.

"సోడోరి పాలెమా? మా అత్త ఆళ్ళ బెల్లమే కొనీది. మాకు ఆళ్ళు తెలవకపోడమేటి?"

ఆవిడ పట్టా అంచునే చతికిలబడ్డాను. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారని అడిగాను.

"కాలనీలో ఉన్నారు, గాజువాక దాటాక. ఎల్లుండి మంగళారం ఆళ్ళ మరిడమ్మ పండగ. ఎండుసేపలు ఇప్పటికీ మా కాడే. అదిగో, అట్టుకెల్డానికి ఆ ఊరోడే ఒచ్చాడు. ఒరే పైడిరాజూ, ఇలాగ్రా."

నలభై ఏళ్ళ మనిషి, ఖాకీ చొక్కా, ఆటో నడుపుతాడట. ఎండుచేపల మూట భుజం మీద వేసుకుని వచ్చాడు. ఇంటిపేరు చెప్పాను. అతను నన్నొకసారి, శీనునొకసారి, చేపనొకసారి చూశాడు.

"నిజంగా సోడోరేనేటి?"

"నిజంగానే బాబూ."

"అయితే ఎక్కండి. కిరాయి మాటాడకండి" అన్నాడు. ఇక్కడ మా ముఖాలు కూడా తెలియని మనిషి మా ఇంటిపేరుకి ఆటో ఎక్కిస్తున్నాడు. నాన్న బతికుంటే తణుకంతా చెప్పుకునేవాడు. ఆయన బదులు నేను ఆటోలోంచే మా ఆయనకి, పిల్లలకి, పక్కింటావిడకి ఫోన్లు చేశాను.

కాలనీ: చోడిముద్ద పరీక్ష

గాజువాక దాటి, ఒక వెల్డింగు షెడ్డు పక్క సందులోకి తిరిగితే కాలనీ. మేడలు, డాబాలు, మధ్యలో రేకుల ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ మోటారు సైకిలు. ఊరు అనిపించే లక్షణం ఒక్కటీ కనబడక ముందు కొంచెం నీరసపడ్డాను.

పైడిరాజు వీధి మధ్యలో ఆటో ఆపి "సోడోరు ఒచ్చారు" అని ఒక్క కేక వేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. చేతిలో చపాతీ పిండితో ఒకరు, డ్యూటీ బట్టలతో ఒకరు, బ్రష్షు నోట్లో పెట్టుకుని ఒకరు. ఎవరో రెండు కుర్చీలు తెచ్చారు. సన్నిబాబు గారని కాలనీ పెద్దాయన వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. ఆయన ముఖంలో సంతోషమూ ఉంది, అనుమానమూ ఉంది. ఇంటిపేరు ఎవరైనా చెప్పుకోవచ్చు కదా.

"ఒక్కటే అడుగుతానమ్మా. కొత్త సోళ్ళు ఇంటికొచ్చినపుడు మీ ఇంట్లో ఏటి సేత్తారు?"

చోళ్ళంటే రాగులు. ఇక్కడివాళ్ళ మాట, మా ఇంట్లోనూ అదే మాట. నేను నోరు తెరిచేలోపు శీను చెప్పేశాడు. ఏడాదికోసారి నాన్న కొత్త చోడిపిండితో ముద్ద చేయించి, గుమ్మం బయట ఎడమపక్కన పెట్టేవాడు. దాన్ని కుక్కో కాకో ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. ఒక ఏడు ఏ కుక్కా రాక మేం సాయంత్రం దాకా పస్తున్నాం. పక్కింటివాళ్ళు నవ్వేవారు. అది నాన్న చాదస్తమనే నేనూ అనుకునేదాన్ని.

శీను చెప్పడం పూర్తయ్యేసరికి సన్నిబాబు గారు లేచి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎడంపక్కే" అన్నాడు పక్కవాళ్ళతో. "ఊరందరూ కుడిపక్క ఎడతారు. సోడోరొక్కలే ఎడంపక్క." వీధి వీధంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

ఆ తర్వాత మా పని తినడమే. చోడి అంబలి, అందులోకి నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ, వంకాయ ఎండురొయ్యల కూర. కోనాం ఎవరింట్లోకో వెళ్ళి మధ్యాహ్నానికి పులుసై తిరిగొచ్చింది. మా పక్క పులుసులో బెల్లం ముక్క పడకపోతే పులుసు కాదు. ఇక్కడ బెల్లం మాటెత్తితే నవ్వారు. శీను మొదటి ముద్దకే చెమటలు కక్కాడు గానీ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

వీధి సంగతి విన్నాక నాకు కాలనీ మీద నీరసం పోయింది. ఊరు కదిలినప్పుడు స్థలాలు చీటీలు తీసి ఇచ్చారట. దాంతో పక్కపక్క ఇళ్ళవాళ్ళు చెరో మూలా పడ్డారు. వీళ్ళు ఊరుకోలేదు. నీ స్థలం నాకియ్యి, నాది అతనికిస్తాను అని ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకుంటూ పోయారు. చివరికి పాత ఊళ్ళో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుందో అదే వరస ఇక్కడా వచ్చేసింది. పాత పోట్లాటలు కూడా అదే గోడల మధ్య కొనసాగుతున్నాయని పైడిరాజు అన్నాడు.

వీధి మొదట్లో మరిడమ్మ గుడి. పాత ఊళ్ళో అమ్మవారు మా చోడి వారి గుమ్మం వైపు చూస్తూ ఉండేదట. మేం లేం కాబట్టి ఇక్కడ మా పక్కింటివాళ్ళ గుమ్మం వైపు తిరిగి ఉంది. ఆ ఇల్లు అప్పలనర్సమ్మ గారిది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి, చెవులకి పెద్ద దుద్దులు. మా తాత ఊరు వదిలాక మొదటి బిందె ఎత్తడం ఆవిడ అత్తగారి మీద పడింది. అత్తగారి తర్వాత, కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవిడే ఎత్తుతోంది.

సన్నిబాబు గారు అందరి ముందూ అన్నాడు. "ఇన్నాళ్ళూ బదులు సేసినాం. ఈ ఏడు సోడోరి ఆడపడుసే ఒచ్చింది. మొదటి ముర్రాట ఈవిడే ఎత్తాల."

ముర్రాట అంటే పసుపునీళ్ళూ వేపమండలూ ఉన్న బిందె. నెత్తిన పెట్టుకెళ్ళి అమ్మవారి మీద పోస్తారు. మొదటి ముర్రాట పడితేగానీ మిగతా ఆడవాళ్ళు బిందె ఎత్తరు. నా చిన్నప్పటి ఊరేగింపు నిజమవుతోంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

అప్పలనర్సమ్మ గారు లోపలికి వెళ్ళి ఇత్తడి బిందె తెచ్చింది. చింతపండుతో తోమి తోమి మెరుస్తోంది. "మీ ఇంటి బిందే తల్లీ. ఊరు కాళీ సేసినపుడు మా అత్త నెత్తినెట్టుకొచ్చింది. ఇదిగో, నీది నీకు" అని నా చేతుల్లో పెట్టింది. నవ్వుతూనే ఇచ్చింది. నేనూ నవ్వుతూనే తీసుకున్నాను.

గోడ పక్కన: చిరుతపులి చచ్చిపోయిన చోటు

సోమవారం సన్నిబాబు గారు, పైడిరాజు మమ్మల్ని ఊరున్న చోటికి తీసుకెళ్ళారు. ఊరున్న చోటంటే గోడ. లోపలికి వెళ్ళడానికి లేదు. గోడ వెంట సన్నటి దారి, ఒక పక్క మొగలి పొదలు, దూరంగా పరవాడ వైపు పొగ. గాలి మారినప్పుడల్లా ఉప్పు వాసన.

సన్నిబాబు గారు గోడ అవతల కనిపించే పొగగొట్టాలు రెండు చూపించాడు. "ఆ గొట్టానికీ ఈ గొట్టానికీ మద్దిన మీ ఇల్లు. ఆ ఎనకాల గెడ్డ. ఇటు మా ఇల్లు. నాను డ్యూటీ సేసిన సోటు మా అమ్మ వొంట సేసిన సోటుకి నాలుగడుగులు. అప్పుడూ పొయ్యి కాడే, డ్యూటీలోనూ పొయ్యి కాడే" అని నవ్వాడు. గెడ్డంటే వాగు.

నేను చిరుతపులి కథ ఎత్తాను. ఆయన చాలా సేపు మర్యాదగా విన్నాడు.

"సిరుతపులా? మా తాత సెప్పింది పునుగుపిల్లి అమ్మా. రాతిరి కోళ్ళ కోసం ఒస్తే మీ పెద్దాయన బయపడి సెట్టెక్కేసాడంట. ఆయన పెళ్ళామే కర్రతో తరిమింది."

ఊరు కట్టిన కథ కూడా మా ఇంట్లో చెప్పుకున్నట్టు లేదు. మా పెద్దాయన అనకాపల్లి వైపు అత్తవారింట్లో ఇల్లరికం ఉండేవాడట. తోడల్లుడితో మాటా మాటా వచ్చి, పెళ్ళాన్నీ, ఒక గిత్తనీ, చోడి విత్తనాల మూటనీ తీసుకుని వచ్చేశాడట. అక్కడ వదిలేసి వచ్చిన రెండో గిత్త కూడా ఆయనదేనా, తోడల్లుడిదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఇక్కడ నీరు కనబడిందని మొదటి గుంజ పాతింది కూడా ఆ పెళ్ళామే. శీను పగలబడి నవ్వాడు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత, పునుగుపిల్లిని తరిమిన ముత్తవ్వ ఉన్నందుకు నాన్న చెప్పిన చిరుతపులి కంటే ఎక్కువ సంతోషమేసింది.

నవ్వుతూనే శీను, గోడ కింద నుంచి ఇవతలికి వచ్చే గెడ్డ అంచు దాకా వెళ్ళి బురదలో కాలేశాడు. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. "ఉండిపోనీ బావా, మీ జాగాయే కదా" అన్నాడు పైడిరాజు. వాడు ఒంటి చెప్పుతో ఆటో ఎక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు, సన్నిబాబు గారిని మధ్యలో తెలిసినవాళ్ళింటి దగ్గర దింపాక, పైడిరాజు ఊరికే హారన్ కొడుతూ నడిపాడు. ఎప్పుడూ వాగే మనిషి. ఏమైందని అడిగాను.

"ఏటీ నేదమ్మా. నర్సమ్మప్ప ఈ ఏడు సీర కొనమన్లేదు."

ఏ చీర అన్నాను. అతను అద్దంలోంచి నన్ను చూస్తూ చెప్పాడు. పండక్కి బిందె ఎత్తే ప్రతి ఆడదానికీ పుట్టింటి నుంచి చీర రావాలి. అది కట్టుకునే ఎత్తాలి. మొదటి బిందె ఎత్తే మనిషికి చోడి వారింటి నుంచి రావాలి. చోడి వారు లేరు కదా. అందుకని అప్పలనర్సమ్మ ఏటా పండక్కి ముందు పైడిరాజు చేతిలో డబ్బు పెట్టి గాజువాక పంపుతుంది. అతను చీర కొని, పండగనాటి పొద్దున్న నలుగురూ చూస్తుండగా ఆవిడ గుమ్మంలోకి తెచ్చి ఇవ్వాలి. తన చేత్తో తనే తెచ్చుకుంటే అది పుట్టింటి చీర కాదు కదా. వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ బయటికి అనరు. ఆవిడ అది కట్టుకుని, "సోడోరంపిన సీర, ఎంత బాగుందో సూడండి" అని ఇంటింటికీ చూపించి వస్తుంది.

"నాను తెచ్చీ ముందు మా అయ్య తెచ్చీవోడు. ఆయమ్మకి అన్నదమ్ముల్నేరు. అసలు పుట్టిల్లే నేదు. సోడోరి ఆడపడుసునని సెప్పుకునే ఇన్నాళ్ళూ ఈదిలో తలెత్తుకు తిరిగింది" అన్నాడు.

ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇతన్ని ఎవరు చెప్పమన్నారు. యాభై ఏళ్ళు పైబడినదాన్ని, నా సరదా ఒక్కటి తీరబోతుంటే ఆ బిందెలో ఇంత బరువెందుకు వేశాడు. నా బిందె, నా ఇంటిపేరు, మా నాన్న మాట. ఆవిడే నవ్వుతూ ఇచ్చింది కదా, నేను లాక్కున్నానా. ఇవన్నీ లోపల అనుకుంటున్నాను గానీ, బిందె నా చేతుల్లో పెట్టాక ఆవిడ ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు కొంగుకి తుడుచుకోవడం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"పైడిరాజూ, ఆ చీరల కొట్టు ఎక్కడ?" అన్నాను.

గాజువాక: చీరల కొట్టు

గాజువాక బజారులో సాయంత్రం మనిషి మీద మనిషి. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలినట్టుంది. పక్కనే మా వైపు మాట వినిపించి తిరిగి చూస్తే పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడిన దంపతులు. ఊరి కబుర్లు కాసేపు చెప్పుకున్నాం. తమ వైపు వాళ్ళని చూసిన సంతోషంలో చీర బేరం సగం వాళ్ళే చేసిపెట్టారు.

రంగు కుదరక గంట కూర్చున్నాను. నా డబ్బూ శీను డబ్బూ కలిపాం. పుట్టింటి చీర తమ్ముడి చేతి మీదుగా పోవాలి కదా. పసుపు రంగు మీద చిలకపచ్చ అంచున్న పట్టు చీర తీసుకుని, జాకెట్టు గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ, అరటిపళ్ళు కొన్నాం. శీనుకి చెప్పుల జత కూడా. "మరి నువ్వు బిందె ఎత్తవా" అని వాడు మెల్లగా అడిగాడు. ఎత్తనన్నాను. గాజులు తీసి మళ్ళీ లెక్కపెట్టాను. వాడు ఇంకేమీ అడగకుండా నాకు చెరుకురసం కొనిపెట్టాడు.

పండగ: మరిడమ్మ చూస్తుండగా

మంగళవారం పొద్దున్న వీధంతా పసుపు. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు పుట్టింటి చీరలు కట్టుకుని, బిందెలు దించి, వరసగా నిలబడ్డారు. మొదట్లో నా బిందె. సన్నిబాబు గారు నా కోసం చూస్తున్నాడు.

అప్పలనర్సమ్మ గారు తన గుమ్మంలో పాత నేత చీరలో కూర్చుని ఉంది. నేనూ శీనూ పళ్ళెం పట్టుకుని అటు నడిచాం. పైడిరాజు డప్పుల వాళ్ళని ఆగమని సైగ చేశాడు. ఇక్కడ అక్కని అప్ప అంటారని శీను రాత్రి నేర్చుకున్నాడు.

"అప్పా, పుట్టింటి చీర" అన్నాడు. పళ్ళెం ఆవిడ ముందుకి జరిపాడు.

ఆవిడ లేవలేదు. పళ్ళెం వైపు చూసింది, వాడి ముఖం వైపు చూసింది. చాలా సేపటికి చెయ్యి చాపి చీర తీసుకుంది. మడత విప్పింది, అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తప్పు చేశామా, అందరి ముందూ ఆవిడ గుట్టు బయటపెట్టామా అని భయమేసింది.

"ఇంత ఆలీసమేటి తమ్ముడా?" అందావిడ. "పండగ పొద్దున్న తెత్తారేటి ఎవులైనా? జాకెట్టెపుడు కుట్టించుకోవాల?"

శీను బిత్తరపోయాడు. ఆవిడ ఆగలేదు.

"సిలకపచ్చ నాకు నప్పదని తెల్దా? ఈ అంచు సూడు, ఏలెడు నేదు. అప్పకి ఎట్టీ సీర ఇలాటిదా తెత్తారు?"

మా వెనక పైడిరాజు తల తిప్పుకుని భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క చీరకి వంక పెట్టలేదట. తను కొనుక్కున్నదానికి వంక ఎలా పెడుతుంది. పుట్టింటి చీరని ఇలా దులిపేయడం నాకూ బాగా తెలుసు. శీను ఏటా తెచ్చే చీరని నేను ఏనాడూ మెచ్చుకోలేదు.

"వచ్చే ఏడు పెద్దంచు తెస్తాలే అప్పా" అన్నాడు వాడు, దొంగ కోపంతో.

"తేవాల మరి" అని ఆవిడ లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆ చీరే కట్టుకుని ఉంది. పాత జాకెట్టు మీద పసుపు చీర, తల నిండా నూనె, ముఖం నిండా పసుపు. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్నగా వరస మొదటికి వెళ్ళి నా బిందె పక్కన నిలబడింది. సన్నిబాబు గారు ఇబ్బందిగా నా వైపూ ఆవిడ వైపూ చూసి, "నర్సమ్మా, మరి సోడోరి ఆడపడుసు..." అన్నాడు.

ఆవిడ గుడ్డ చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. బిందె ఎత్తమని శీనుకి సైగ చేసింది. వాడు ఎత్తి ఆవిడ తల మీద పెట్టాడు. అప్పుడు సన్నిబాబు గారి వైపు తిరిగి, వీధి చివరిదాకా వినబడేలా అంది.

"సోడోరి పెద్దాడపిల్లని నానుండగా సిన్నది ముందెలాగెత్తుద్ది? దానికి ఇంకో బిందె తెండి. నా ఎనకాల నడుత్తాది."